పిల్లిని మ్యూనిక్‌లో వదిలి ఇండియా వెళ్లాలంటే: ఫీడర్, కెమెరా, స్మార్ట్ లాక్ ఎంతవరకు పనికొస్తాయి?

ఫోన్లు, ఇయర్‌బడ్స్ పక్కన పెట్టి ఈసారి కొంచెం వేరే సబ్జెక్ట్. విదేశాల్లో ఉద్యోగం చేస్తూ ఇంట్లో పిల్లినో కుక్కనో పెంచుకుంటున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు. ఏడాదికి ఒకసారైనా వాళ్లకి ఎదురయ్యే ప్రశ్న ఒకటే. నేను ఇండియా వెళ్తే దీన్ని ఎవరు చూస్తారు? మనం టెక్ మనుషులం కాబట్టి మొదట చేసే పని ఏంటంటే, ఆటోమేటిక్ ఫీడర్ ఆర్డర్ పెట్టేస్తాం. నేనూ అదే చేశాను. అది ఎలా ఫెయిలైందో, ఆ తర్వాత నేను ఏం మార్చానో ఇందులో చెప్తాను.

నేను మ్యూనిక్‌లో బ్యాకెండ్ ఇంజినీర్‌ని. నా దగ్గర నాలుగేళ్ల తెల్ల పిల్లి ఉంది, పేరు ఇడ్లీ. 2025 జనవరి 2, గురువారం పొద్దున విజయవాడ నుంచి ఫోన్ వచ్చింది. నాయనమ్మని ఐసీయూలో పెట్టారు, వీలైతే రమ్మన్నారు. అదే రోజు మధ్యాహ్నం ఫ్లైట్‌కి టికెట్ దొరికింది. సిట్టర్‌ని వెతుక్కునే టైమ్ లేదు. కానీ అప్పటికే ఇంట్లో వైఫై ఫీడర్, ఒక కెమెరా, వాటర్ ఫౌంటెన్ ఉన్నాయి. ఇంటి తాళం చెవి మా ఆఫీసులోనే పనిచేసే గుంటూరు అబ్బాయికి ఇచ్చాను. శనివారం సాయంత్రం వచ్చి చూస్తానన్నాడు. ఇక చాలు, అంతా కవర్ అయింది అనుకుని బయల్దేరాను.

శుక్రవారం ఫీడర్ రెండు పూటలా సరిగ్గానే పనిచేసింది. పొద్దున ఆరున్నర, సాయంత్రం ఆరున్నర. శనివారం పొద్దున యాప్‌లో 'ఫుడ్ ఇచ్చాం' అని నోటిఫికేషన్ వచ్చింది, పక్కనే పచ్చ టిక్. నేను ఆస్పత్రిలో ఉన్నాను, టిక్ చూసి ఫోన్ జేబులో పెట్టేశాను. చలికాలంలో మనకీ జర్మనీకీ నాలుగున్నర గంటల తేడా. సాయంత్రం ఫీడింగ్ టైమ్ అంటే మనకు రాత్రి పదకొండు. ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని ఊరికే కెమెరా ఓపెన్ చేశాను. మోటార్ తిరిగిన చప్పుడు వినిపించింది. ఇడ్లీ పరిగెత్తుకుంటూ వచ్చింది. గిన్నెలో ఏమీ పడలేదు. యాప్‌లో మాత్రం మళ్లీ పచ్చ టిక్.

వెనక్కి వెళ్లి రికార్డింగ్ చూస్తే, పొద్దున కూడా ఇదే కథ. అంటే శుక్రవారం సాయంత్రం తర్వాత దాని కడుపులో ఏమీ పడలేదు. మా వాడికి ఫోన్ చేస్తే వాడు ఆస్ట్రియా కొండల్లో ఉన్నాడు. జనవరి 6 బవేరియాలో సెలవు. ఆ ఏడాది అది సోమవారం పడింది కాబట్టి లాంగ్ వీకెండ్. "అన్నా, ఫీడర్ ఉందిగా, కెమెరాలో నువ్వు చూస్తుంటావుగా, ఆదివారం రాత్రికి వెళ్తాలే అనుకున్నా" అన్నాడు. నా ఇంటి తాళం చెవి వాడి బ్యాగులో ఉంది. నలుగురూ ఒకే అద్దె కారులో వెళ్లారు, రాత్రిపూట మంచులో ఘాట్ రోడ్డు దిగలేమన్నారు. వాడిని తిట్టాను కానీ, నిజం చెప్పాలంటే తప్పు వాడొక్కడిదే కాదు. 'ఫీడర్ ఉందిగా' అన్నమాట ముందు అన్నది నేనే.

అమ్మ నన్ను చూసి, "లోపల నాయనమ్మ అట్లా ఉంటే ఏంట్రా ఆ ఫోను?" అంది. విషయం చెప్పాను. రెండు క్షణాలు ఆగి, "మూగజీవి రా. మీ పక్కింటివాళ్లకి ఫోన్ చెయ్యి" అంది. ఎదురు ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఉంటారు. జర్మనీలో బెల్ మీద ఇంటిపేరు రాసి ఉంటుంది కాబట్టి పేరు తెలుసు. రెండేళ్లు ఎదురెదురుగా ఉన్నా ఆవిడ నంబర్ మాత్రం నా దగ్గర లేదు. ఉన్నా తాళం చెవి లేదుగా. తాళాలు తీసేవాళ్లను పిలిపిద్దామంటే, ఆ ఇంట్లో ఉండేది నేనే అని అక్కడ నిలబడి చూపించడానికి నేను లేను.

పిల్లుల విషయంలో ఇది ఎందుకు సీరియస్ అంటే, మనుషుల్లాగా ఒక రోజు ఉపవాసం ఉంటే పోలే అనుకోవడానికి లేదు. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వు లివర్‌లోకి చేరి హెపాటిక్ లిపిడోసిస్ అనే జబ్బు రావచ్చు. లావుగా ఉన్నవాటికి రిస్క్ ఇంకా ఎక్కువ. మా ఇడ్లీ పేరుకు తగ్గట్టే ఉంటుంది. ఒక రోజంతా తినకపోతేనే డాక్టర్‌కి ఫోన్ చేయమంటారు. ఆదివారం పొద్దున పదకొండుకి మా వాడు తలుపు తీశాడు. లెక్క వేస్తే దాదాపు 40 గంటలు. ఇడ్లీకి ఏమీ కాలేదు, నీళ్లు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. నాయనమ్మ కూడా పది రోజులకి ఇంటికి వచ్చింది.

పచ్చ టిక్ ఎందుకు అబద్ధం చెప్పింది?

తిరిగి వెళ్లాక ఫీడర్ విప్పి చూశాను. మోటార్ బాగానే ఉంది, బ్యాటరీ బాగానే ఉంది, వైఫై కూడా బాగానే ఉంది. పైన డబ్బాలో డ్రై ఫుడ్ గింజలు ఒకదానికొకటి అతుక్కుని గుమ్మటం లాగా నిలబడిపోయాయి. కింద రోటర్ ఖాళీగా తిరుగుతోంది. వడ్లు, సిమెంట్ నిల్వ చేసే పెద్ద సైలోల్లో కూడా ఇదే సమస్య ఉంటుంది, బ్రిడ్జింగ్ అంటారు. నేను ఆఫర్‌లో వచ్చిన పెద్ద సైజు గింజల ప్యాకెట్‌ని పాత ఫుడ్ మీదే పోసేశాను. ఫీడర్ ఉన్నది వంట స్టవ్ పక్కన, అంటే ఆవిరి తగులుతూనే ఉంటుంది. రెండు పొరపాట్లూ నావే.

కానీ యాప్ చేసిన తప్పు వేరే. అది మోటార్‌కి కమాండ్ వెళ్లిందా లేదా అనేదే రికార్డ్ చేస్తుంది. గిన్నెలో ఫుడ్ పడిందా అనేది దానికి తెలియదు. మన భాషలో చెప్పాలంటే, రిక్వెస్ట్ పంపగానే 200 ఓకే అని లాగ్ రాసేసుకుంటోంది, అవతలివైపు డేటా చేరిందో లేదో చూడట్లేదు. అందుకే ఫీడర్ కొనేటప్పుడు మొదట చూడాల్సింది కెమెరా రిజల్యూషన్ కాదు. గిన్నె కింద బరువు కొలిచే సెన్సర్ ఉందా? ఫుడ్ పడే దారిలో అది పడినట్టు గుర్తించే సెన్సర్ ఉందా? ఇవి లేకపోతే ఆ నోటిఫికేషన్‌ని నమ్మకండి. గిన్నెలోపల వరకు కనిపించేలా కెమెరా పెట్టుకుని రోజూ మీరే చూసుకోవాలి.

రెండోది, షెడ్యూల్ ఎక్కడ స్టోర్ అవుతోంది? ఫీడర్ మెమరీలోనా, కంపెనీ క్లౌడ్‌లోనా? 2016 జులైలో అమెరికాలో పెట్‌నెట్ అనే కంపెనీ సర్వర్ సమస్య వల్ల కొందరి ఫీడర్లు టైమ్‌కి ఫుడ్ ఇవ్వలేదు. 2020 ఫిబ్రవరిలో అదే కంపెనీకి మళ్లీ అవుటేజ్ వచ్చి రోజుల తరబడి సాగింది. బయల్దేరేముందు ఇంట్లోనే చెక్ చేయొచ్చు. రౌటర్ ఆపేసి ఒక పూట చూడండి. తర్వాత అడాప్టర్ పీకేసి బ్యాటరీ మీద ఒక పూట చూడండి. చివరిగా డబ్బా సగం ఖాళీ అయ్యేదాకా అదే ఫుడ్‌తో నడపండి. చాలామంది నిండు డబ్బాతో రెండుసార్లు బటన్ నొక్కి, పనిచేస్తోంది అనుకుంటారు. నా బ్రిడ్జింగ్ బయటపడింది డబ్బా సగం అయ్యాకే.

ఇంకో చిన్న విషయం. కెమెరా యాప్‌లో లాగౌట్ అయితే ఓటీపీ జర్మన్ నంబర్‌కి వస్తుంది. శంషాబాద్‌లో దిగగానే ఆ సిమ్ తీసి పర్సులో పెట్టేస్తే అంతే సంగతులు. రెండో స్లాట్‌లో ఉంచండి, డేటా మాత్రం ఆఫ్ చేయండి.

అలర్ట్ వచ్చింది, ఆన్‌కాల్‌లో ఎవరున్నారు?

ఈ మొత్తం వ్యవహారంలో నాకు సిగ్గు అనిపించింది ఇక్కడే. ఆఫీసులో మా టీమ్‌లో ప్రతి అలర్ట్‌కీ ఒక ఆన్‌కాల్ మనిషి ఉంటాడు, వాడు ఎత్తకపోతే రెండో మనిషి. అలర్ట్ వచ్చి ఎవరూ ఏమీ చేయలేకపోతే ఆ అలర్ట్ ఎందుకు అని నేనే మీటింగుల్లో వాదిస్తాను. ఇంట్లో మాత్రం కెమెరా, ఫీడర్ కలిపి 130 యూరోల దాకా పెట్టి, అలర్ట్ వచ్చినప్పుడు తలుపు తీసే మనిషిని ఒక్కడినే పెట్టుకున్నాను. అతని బ్యాకప్ గురించి ఆలోచించలేదు.

అసలు బ్యాకప్‌గా ఎవరిని అడుగుతాం? మన తెలుగువాళ్లనే. వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ పెడితే పది నిమిషాల్లో ఎవరో ఒకరు సరే అంటారు, అందులో అనుమానం లేదు. కానీ డిసెంబర్ చివర్లో, సంక్రాంతికి, వేసవి సెలవుల్లో నేను ఊరెళ్తున్నానంటే వాళ్లూ ఊరెళ్తున్నారు, లేదా సెలవులు కలిసొచ్చాయని ట్రిప్‌లో ఉన్నారు. రెండు సర్వర్లు పెట్టి రెండింటినీ ఒకే ప్లగ్‌బోర్డుకి తగిలించినట్టు. కాబట్టి ఇద్దరిలో ఒకరు మన క్యాలెండర్‌తో సంబంధం లేనివాళ్లు ఉండాలి.

నాకు దొరికింది ఆ ఎదురు ఫ్లాట్ పెద్దావిడే. వచ్చిన వారం ఒక స్వీట్ బాక్స్ తీసుకుని వెళ్లి జరిగింది చెప్పాను. "మా బెల్ కొట్టి తాళం చెవి ఇచ్చి వెళ్లాల్సింది కదా, మీరెప్పుడూ హలో చెప్పి వెళ్లిపోతారు" అన్నారు. ఆవిడకి పాతికేళ్లు పిల్లులే ఉన్నాయట. డబ్బులిస్తానంటే వద్దన్నారు. లిఫ్ట్ లేని బిల్డింగ్ కాబట్టి ఇప్పుడు వారానికోసారి ఆవిడ నీళ్ల సీసాల క్రేట్లు మూడో అంతస్తుకి నేను మోస్తున్నాను, ఖాళీ సీసాలు డిపాజిట్ మెషిన్‌లో వేసి రశీదు తెచ్చిస్తున్నాను. ఆవిడకి స్మార్ట్‌ఫోన్ లేదు. ల్యాండ్‌లైన్ ఉంది, ఇంట్లో ఉంటే రెండో రింగ్‌కే ఎత్తుతారు.

అందరికీ ఇలాంటి పొరుగువాళ్లు ఉండరు, తెలుసు. జర్మనీలో ఉన్నవాళ్లకి వేరే దారులు కూడా ఉన్నాయి. జంతు సంరక్షణ సంఘాల సమాఖ్య డాయిచర్ టియర్‌షుట్స్‌బుండ్ 'నా జంతువును నువ్వు చూడు, నీ జంతువును నేను చూస్తా' అనే పద్ధతిలో పెంపుడు జంతువులున్నవాళ్లను కలిపే కార్యక్రమం నడుపుతోంది. మీ ఊరి సంఘంలో అడగండి. రోవర్ లాంటి యాప్‌లలో డబ్బులిచ్చి సిట్టర్‌ని పెట్టుకోవచ్చు. హాస్టల్ లాంటి పెన్షన్‌లో వదలాలంటే, అది జర్మన్ జంతు సంరక్షణ చట్టం సెక్షన్ 11 కింద స్థానిక వెటర్నరీ ఆఫీసు అనుమతితో నడుస్తోందా అని అడగండి. పర్మిట్ చూపించమంటే మొహం మాడ్చుకునే చోట వదలొద్దు. నా అభిప్రాయం ఏంటంటే, పిల్లికి మనిషికన్నా ఇల్లు ముఖ్యం, కాబట్టి ఇంటికి వచ్చి చూసేవాళ్లే బెటర్. కుక్క విషయం వేరే. దానికి ఫీడర్, కెమెరా అసలు లెక్కలోకే రావు. జర్మనీలో 2022 నుంచి రూల్ ఏంటంటే, కుక్కని రోజుకి కనీసం రెండుసార్లు, మొత్తం గంటసేపు బయట తిప్పాలి.

యాప్‌లో స్టార్ రేటింగ్ చూసి సిట్టర్‌ని ఫిక్స్ చేయకండి. మీరు ఊర్లో ఉన్నప్పుడే ఒక శనివారం డబ్బులిచ్చి పిలవండి, మీరు బయటికి వెళ్లిపోండి. పిల్లి మంచం కింద దూరితే ఏం చేశారు? లిట్టర్ బాక్స్ చూశారా? 'బాగానే ఉంది' అని ఒక్క మెసేజ్ పెట్టి వెళ్లారా, లేక ఎంత తింది, ఎక్కడ పడుకుంది అని రాశారా? నేను ట్రై చేసిన మొదటి సిట్టర్ చాలా మంచి ఫొటోలు పంపారు. అన్నీ ఐదు నిమిషాల్లో తీసినవే.

తాళం చెవి, స్మార్ట్ లాక్

మన సైట్ రీడర్లకి ఇది ఇంట్రెస్టింగ్ పార్ట్. ఇక్కడి ఫ్లాట్ తలుపులకి బయటివైపు తిప్పే హ్యాండిల్ ఉండదు, లాగితే పడిపోతుంది, మళ్లీ తాళం చెవి ఉండాల్సిందే. బిల్డింగ్ అంతటికీ కలిపి ఒకే లాక్ సిస్టమ్ ఉన్నచోట ఒక్క తాళం చెవి పోయినా మొత్తం మార్చాల్సి రావచ్చు, ఖర్చు వేల యూరోల్లోకి వెళ్లొచ్చు. మీ లయబిలిటీ ఇన్సూరెన్స్‌లో తాళం చెవి పోవడం కవర్ అవుతుందో లేదో, దాన్ని వేరేవాళ్లకి ఇచ్చినా కవర్ అవుతుందో లేదో ముందే చదవండి.

నేను ఆస్ట్రియా కంపెనీ నూకి స్మార్ట్ లాక్ తీసుకున్నాను. లోపలివైపు ఉన్న తాళం చెవినే మోటార్ తిప్పుతుంది, అద్దె ఇంట్లో డ్రిల్ చేయక్కర్లేదు. కానీ లోపల ఒక తాళం చెవి ఉన్నా బయటి నుంచి ఇంకో దానితో తెరుచుకునే రకం సిలిండర్ ఉండాలి, లేకపోతే లాక్ బ్యాటరీ అయిపోయిన రోజు మీరే బయట. యాప్‌లో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే అని పర్మిషన్ ఇవ్వొచ్చు, ఈ ఫీచర్ నిజంగా బాగుంది. ఒక్కటే మెలిక. ఫ్లాట్ తలుపు విజయవాడ నుంచి తెరవగలను, కింద బిల్డింగ్ మెయిన్ డోర్ తెరవలేను. సిట్టర్ వానలో కింద నిలబడి బెల్లులు కొట్టుకోవాలి. మూడో అంతస్తులోనే ఉండే పెద్దావిడకి ఈ సమస్య లేదు. ఆవిడకి మామూలు ఇనుప తాళం చెవే ఇచ్చాను. స్మార్ట్ లాక్ ఇప్పుడు రెండో మనిషి కోసం మాత్రమే.

కెమెరా గురించి కూడా ఒక మాట. సిట్టర్ వస్తున్నప్పుడు ఇంట్లో కెమెరా ఉందని ముందే చెప్పండి, మైక్ ఆఫ్ చేయండి. జర్మనీలో మనుషుల ప్రైవేట్ మాటల్ని తెలియకుండా రికార్డ్ చేయడం క్రిమినల్ కోడ్ సెక్షన్ 201 కింద నేరం. మీ ఇల్లే అయినా సరే.

ఫ్రిజ్ మీద ఒక కాగితం

ఆవిడ కోసం ఒక ఏ4 కాగితం జర్మన్‌లో రాసి ఫ్రిజ్ మీద అంటించాను. ఎన్ని గ్రాముల ఫుడ్, ఏ గిన్నెలో, భయపడితే ఎక్కడ దాక్కుంటుంది, ఎన్ని గంటలు తినకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, మా డాక్టర్ నంబర్, రాత్రిపూట ఎమర్జెన్సీ క్లినిక్ నంబర్. కింద నా సంతకంతో ఒక వాక్యం: నేను దొరకకపోతే ఇన్ని యూరోల వరకు ట్రీట్‌మెంట్‌కి ఒప్పుకుంటున్నాను, బిల్లు నేను కడతాను. ఈ వాక్యం చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా అవసరం. జర్మనీలో వెటర్నరీ ఫీజులకి ప్రభుత్వ రేట్ల పట్టిక ఉంది, 2022 నవంబర్‌లో పెంచారు. ఎమర్జెన్సీ టైమ్‌లో బేసిక్ రేటుకి రెండింతల నుంచి నాలుగింతల దాకా తీసుకుంటారు, పైన 50 యూరోల ఎమర్జెన్సీ ఫీజు వేరే. ఆ డబ్బు ఆవిడ జేబులోంచి పెట్టుకోవాలేమో అనే భయంతో ఆగకూడదు.

కాగితం మీద చిప్ నంబర్ కూడా రాశాను. మైక్రోచిప్ అంటే జీపీఎస్ అనుకునేవాళ్లు మన టెక్ ఫ్రెండ్స్‌లో కూడా ఉన్నారు. కాదు. అందులో బ్యాటరీ లేదు. 134.2 కిలోహెర్ట్జ్ రీడర్ దగ్గరికి తెస్తే 15 అంకెల నంబర్ చెప్తుంది, అంతే. ఆ నంబర్‌ని టాస్సో లాంటి రిజిస్ట్రీలో మీ పేరు మీద ఉచితంగా నమోదు చేస్తేనే దానికి అర్థం. ఇండియా వెళ్లేముందు అక్కడ రెండో ఫోన్ నంబర్ కూడా ఇవ్వండి.

పిల్లిని కూడా ఇండియాకి తీసుకెళ్తే పోలా అని అమ్మ అడిగింది. రెండు వారాలకైతే నేను వద్దంటాను. ప్రయాణం సంగతి సరే, తిరిగి రావడం ఇంకా కష్టం. ఇండియా నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి రావాలంటే రేబిస్ యాంటీబాడీ టెస్ట్ కావాలి, రిజల్ట్ మిల్లీలీటర్‌కి కనీసం 0.5 ఐయూ ఉండాలి. వ్యాక్సిన్ వేసిన 30 రోజుల తర్వాతే రక్తం తీయాలి. ఇండియాలో తీయిస్తే అప్పటి నుంచి మూడు నెలలు ఆగాలి. బయల్దేరకముందే యూరప్‌లో ఆ టెస్ట్ చేయించి, పెట్ పాస్‌పోర్ట్‌లో రాయించుకుంటే, వ్యాక్సిన్ గడువు దాటనంతవరకు ఈ మూడు నెలల వెయిటింగ్ ఉండదు. అమెరికాలో కుక్క ఉన్నవాళ్లకీ ఇలాంటిదే. 2024 ఆగస్టు 1 నుంచి సీడీసీ కొత్త రూల్స్ వచ్చాయి, ఇండియా రేబిస్ హై రిస్క్ లిస్టులో ఉంది, వ్యాక్సిన్ పేపర్ల పని అమెరికాలో ఉండగానే పూర్తి చేసుకోవాలి.

జులైలో మళ్లీ 12 రోజులు వెళ్లొచ్చాను. ఫీడర్ ఇప్పుడు పొద్దున పూట మాత్రమే, సాయంత్రం తిండి ఆవిడ చేత్తో పెడతారు. అంటే ఫీడర్ ఆగినా 24 గంటలకి మించి ఖాళీ గిన్నె ఉండదు. ఐదో రోజు కెమెరా కనెక్షన్ పోయింది, మళ్లీ రాలేదు. నేను ఇంటర్నెట్ ప్రొవైడర్ స్టేటస్ పేజీ చూస్తూ కూర్చోలేదు. ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేశాను. "తింది, సోఫా మీద పడుకుంది, మీ రౌటర్ ప్లగ్ నేనే కాలితో తన్నేశాను" అన్నారు.

ఈ డిసెంబర్‌లో ఆవిడ క్రిస్మస్‌కి కూతురి దగ్గరికి హాంబుర్గ్ వెళ్తున్నారు, నాకూ అప్పుడే టికెట్లు ఉన్నాయి. అందుకని ఒక పెయిడ్ సిట్టర్‌తో ట్రయల్ మొదలుపెట్టాను, విజిట్‌కి 18 యూరోలు. మొదటిసారి ఇడ్లీ బీరువా వెనక నుంచి బయటికే రాలేదు. ఈ శనివారం రెండో ట్రయల్.